అరబ్బీ వచ్చిన డ్రైవరు

తిరువూరులో మా ఇల్లు బస్టాండుకు దగ్గర. గల్ఫ్ వీసా చేతికొచ్చిన కుర్రవాళ్ళు ఎవరో ఒకరు చెప్పగా నా దగ్గరికి వస్తుంటారు. "అక్కడ చాన్నాళ్ళు బండి నడిపారంట కదా మామయ్యా, నాలుగు అరబ్బీ ముక్కలు చెప్పండి" అంటారు. మంచినీళ్ళకు ఏమనాలో, కుడి ఎడమలకు ఏమనాలో చెబుతాను. ఈమధ్య వచ్చినతను నేను చెప్పేది సగం విని, జేబులోంచి ఫోను తీశాడు. తెలుగులో మాట్లాడితే అదే అరబ్బీలో పలుకుతోంది.

"ఇంక భాషతో పనేం ఉంది మామయ్యా" అన్నాడు నవ్వుతూ.

అతను వెళ్ళాక చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. అక్కడ నావల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ రోజు నా దగ్గర అలాంటి ఫోను ఉన్నా తీసేవాణ్ణి కాదేమో. ఎందుకు తీసేవాణ్ణి కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. వాళ్ళు బతికే ఉన్నారు, ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

నేను సౌదీ వెళ్ళేనాటికి తిరువూరు నుంచి విజయవాడకు మామిడికాయల లారీ తోలేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలను, అంతే. అయితే చిన్నప్పుడు సాయంత్రాలు మసీదులో మౌల్వీ గారి ముందు కూర్చుని ఖురాన్ చదవడం నేర్చుకున్నాను. మాలాంటి ఇళ్ళలో పిల్లలందరూ నేర్చుకునేదే. అక్షరం చూసి శబ్దం పలకడం వస్తుంది, రాగం వస్తుంది, ఎక్కడ ఆపాలో ఎక్కడ సాగదీయాలో వస్తుంది. అర్థం రాదు. అర్థం అడిగితే మౌల్వీ గారు "ముందు తప్పు లేకుండా చదవడం రానీ" అనేవారు. చదవడం వచ్చింది, అర్థం దాకా నేను వెళ్ళలేదు.

అక్కడ నా పని, కూలీల క్యాంపు నుంచి మనుషుల్ని మినీ బస్సులో ఎక్కించుకుని భవనాలు కట్టే చోట దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం. నా బస్సులో ఎక్కువమంది తెలుగువాళ్ళు. గంపలగూడెం నుంచి వచ్చిన వంటమనిషి ఒకాయన ఉండేవాడు. అందరికంటే పెద్దవాడు, అందుకని బాబాయ్ అనేవాళ్ళం. వినగడప నుంచి వచ్చిన తాపీ పనివాడు ఒకతను ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, అందుకని తమ్ముడు అనేవాణ్ణి. శుక్రవారం సెలవు రోజు బట్టలు ఉతుక్కుంటూ చర్చి పాటలు సన్నగా పాడుకునేవాడు. బస్సులో నా పక్క సీటు అతనిదే.

వెళ్ళిన కొత్తలో ఒకరోజు కొత్త పని చోటికి పోతూ దారి తప్పాం. చుట్టూ ఇసుక. దారి చీలిన చోట బోర్డు ఉంది, దాని మీద అరబ్బీ తప్ప ఇంగ్లీషు లేదు. మేము నేర్చుకున్న పుస్తకాల్లో అక్షరాలకు పైనా కిందా గుర్తులుంటాయి, వాటిని బట్టి పలుకుతాం. బోర్డుల మీద ఆ గుర్తులుండవు. అయినా కూడబలుక్కుని చదివితే సూపర్‌వైజరు పొద్దున చెప్పిన ఊరి పేరు లాగే వినిపించింది. అటు తిప్పాను. ఊరొచ్చింది.

"ఓరి నాయనో, భాయ్‌కి అరబ్బీ వచ్చంట రోయ్" అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు.

నేను గేరు మార్చి బండి పోనిచ్చాను. రాదని చెప్పడానికి నోరు తెరిస్తే చాలు, కానీ ఆ మాట వినడం బాగుంది. లారీ తోలే నన్ను అంతవరకు ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు.

ఆ తర్వాత అదొక వేడుకైంది. దారిలో ఏ బోర్డు కనిపించినా వినగడప తమ్ముడు "అదేంటో చదువు భాయ్" అనేవాడు. నేను మౌల్వీ గారు నేర్పిన రాగంతో, గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. ఒకసారి రోడ్డు పక్క పెద్ద తెల్ల బోర్డు చదివాను. అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, "ఆమేన్" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా మాటలాపారు. కొన్నాళ్ళకు ఒక హైదరాబాదు మెకానిక్కు ఆ బోర్డు చూసి నవ్వుతూ చెప్పాడు, అది పంక్చర్లు వేసే కొట్టని. ఆ సంగతి నేను క్యాంపులో చెప్పలేదు.

కొట్లకు వెళ్ళినా నన్నే ముందు పెట్టేవాళ్ళు. అక్కడ కౌంటర్ల దగ్గర ఉండేవాళ్ళు చాలావరకు మలయాళీలు, బంగ్లాదేశీయులు. వాళ్ళకు హిందీ వచ్చు, నాకూ లారీ తోలేటప్పుడు అబ్బిన హిందీ ఉంది. మనవాళ్ళను గుమ్మం దగ్గర ఆగమని, నేను లోపలికి వెళ్ళి గట్టిగా సలాం చెప్పి, తర్వాత గొంతు తగ్గించి హిందీలో పని చక్కబెట్టుకుని వచ్చేవాణ్ణి. బయట నా పేరు ఇంకొంచెం పెరిగేది.

తమ్ముడు మాత్రం నేను లేనప్పుడు ఎవరి కోసమూ ఆగేవాడు కాదు. అతనికి తెలుగు తప్ప ఏదీ రాదు, రాదన్న బాధా లేదు. గుడ్లు కావాలంటే కొట్టు మధ్యలో నిలబడి చేతులు రెక్కల్లా ఆడించి కొక్కొరొకో అనేవాడు. కడుపునొప్పి బిళ్ళ కావాలంటే పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేవాడు. ఒకసారి బస్సు మిస్సయితే, ఎవరో పెద్ద అరబ్బు కారాపి, ఇతని చేతుల ఆట చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, క్యాంపు గేటు దాకా తెచ్చి దింపాడు.

"ఏంట్రా ఆ కోతి వేషాలు? పరువు పోతోంది" అన్నాను.

"పరువుదేముంది భాయ్, క్యాంపుకొచ్చానా లేదా" అన్నాడు.

బాబాయ్ గరిటె పట్టుకుని నవ్వుతూ, "ఒకడేమో ఆమేన్ అనిపిస్తాడు, ఒకడేమో గుడ్డు పెడతాడు. మన బస్సు సర్కస్ బండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. అతను ఏమీ దాచుకోకుండా పని జరుపుకుంటున్నాడు. నేను దాచుకుంటూ జరుపుకుంటున్నాను. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. అందుకే అతని సైగలంటే చిరాకు.

ఇక ఆ రోజు సంగతి.

సెంట్రింగ్ చెక్కకున్న మేకు తమ్ముడి కాల్లో దిగింది. అతను గుడ్డ కట్టుకుని పని చేసుకున్నాడు. కొన్నాళ్ళకు పాదం వాచింది, చీము పట్టింది, జ్వరం వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున బాబాయ్ అతని నుదురు ముట్టుకుని చూసి, "వీణ్ణి ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే, బండి తియ్యి" అన్నాడు. ముగ్గురం బయల్దేరాం.

దారిలో తమ్ముడు సీటుకు తల ఆనించి చెప్పాడు. "భాయ్, ఒక సంగతి మర్చిపోకుండా చెప్పాలి డాక్టరుకి. నా చిన్నప్పుడు ఇట్టాగే పుండు పడితే గంపలగూడెంలో ఏదో సూది పొడిచారు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, ఊపిరాడలేదు. చచ్చి బతికానని మా అమ్మ చెబుద్ది. ఆ సూది నాకు పడదు. దాని పేరు తెలీదు. అప్పట్నుంచి మా ఊరి ఆర్.ఎం.పి. గారు ఏ సూదైనా ముందు మోచేతి కింద చిటికెడు పొడిచి, కాసేపు చూసి, అప్పుడు వేస్తాడు."

"చెప్తాలే" అన్నాను.

"మర్చిపోవుగా?"

"చెప్తానన్నాగా."

రోడ్డు చూస్తూ ఆ మాటలకు అరబ్బీ వెతుక్కున్నాను. నాకు వచ్చినవి కుడి, ఎడమ, ఆపు, అయిపోయింది, బాగుంది, అవును, కాదు. వాటితో ఆ సంగతి చెప్పలేనని నాకు ఆస్పత్రి గేటు రాకముందే తెలుసు.

లోపల ఒక మలయాళీ నర్సు ఎదురొచ్చింది. మమ్మల్ని చూడగానే హిందీలో, "హిందీ వచ్చా? నాకు చెప్పండి, డాక్టరు గారికి నేను చెబుతాను" అంది.

దారి అక్కడే ఉంది. ఆమెకు నాలుగు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నేను నోరు తెరిచేలోపు బాబాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, తనకొచ్చిన ముక్కల హిందీలో, "ఇతను అరబ్బీ, ఫస్ట్ క్లాస్ అరబ్బీ" అన్నాడు. తమ్ముడు అంత జ్వరంలోనూ నవ్వి, అవునన్నట్టు తల ఊపాడు.

ఆమె నా వైపు చూసింది. "అరబ్బీ చాలు, సిస్టర్" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి డాక్టరుకు అదే చెప్పింది. డాక్టరు అరబ్బు, పెద్దమనిషి. నేను సలాం చెప్పాను. మౌల్వీ గారి శిక్షణ, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. ఆయన ముఖం వికసించింది. మనవాడు దొరికాడన్నట్టు గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన పాదం వైపు చూపిస్తే అవునన్నాను. నుదురు చూపిస్తే అవునన్నాను. గొంతు ప్రశ్నలా లేస్తే, ముఖం చూసి అవునో కాదో అన్నాను.

"చెప్పావా భాయ్, ఆ సూది సంగతి?" అని తమ్ముడు అడిగాడు.

"చెప్పాను" అన్నాను.

అతనికెందుకో నమ్మకం కుదరలేదు. నేను మాట్లాడింది మరీ తక్కువని అనిపించిందేమో. తానే లేచి కూర్చున్నాడు. డాక్టరు చూసేలా ఎడమ చెయ్యి చాపి, కుడి చేతి వేలితో మోచేతి కింద పొడిచి చూపించాడు. ఆ వేలినే ఒళ్ళంతా గోక్కుంటున్నట్టు తిప్పాడు. తర్వాత గొంతు దగ్గరికి తీసుకుపోతున్నాడు.

నేను ఆ చెయ్యి పట్టుకుని మంచం మీదికి నొక్కాను.

"డాక్టరు ముందు మూగోడిలా ఆ సైగలేంట్రా? నేను చెబుతున్నా కదా."

అతను ఆపేశాడు. డాక్టరు కాసేపు అతని చేతి వైపు, కాసేపు నా ముఖం వైపు చూసి ఏదో అడిగాడు. మాటలు అర్థం కాలేదు గాని, తన వేలు తన మోచేతి కింద పెట్టుకుని అడిగాడు. ఇంకొకడైతే అక్కడైనా తెలుసుకునేవాడు. నేను నవ్వుతూ, "లా, లా" అన్నాను. అంటే కాదు, కాదు, అలాంటిదేం లేదు అని.

ఆయన చీటీ రాశాడు. ఇంకో గదిలో సూది వేశారు.

మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. తమ్ముడు మెడ గోక్కున్నాడు. తర్వాత చేతులు. "భాయ్, అదేనేమో" అన్నాడు. పెదాలు వాచాయి. ఇంకో మాట అనబోయి, గొంతు పట్టుకుని, బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగాడు. బాబాయ్ అతన్ని ఒళ్ళోకి లాక్కుని తెలుగులోనే కేకలు వేశాడు. ఆ కేకలు అందరికీ అర్థమయ్యాయి. మనుషులు పరుగెత్తుకొచ్చి అతన్ని లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది.

కాసేపటికి ఆ నర్సు బయటికి వచ్చింది. హిందీలో, నిదానంగా అడిగింది. "డాక్టరు గారు ఇంతకు ముందు ఇలా అయిందా అని అడిగితే కాదన్నావంట. ఇప్పుడు ఊపిరికి మందు ఇచ్చారు. కానీ కాలికి చీముంది, జ్వరముంది, దానికి ఇంకో మందు వెయ్యాలి. అదే జాతి మందు మళ్ళీ పడితే ఇంక కష్టం. నిజం చెప్పు. ఇది సూది వల్లేనా? ఇంతకు ముందు ఎప్పుడన్నా అయిందా? అతను నీకేమన్నా చెప్పాడా?"

బాబాయ్ నా పక్కనే ఉన్నాడు. ఆయనకు హిందీ సరిగా మాట్లాడటం రాదు గాని అర్థమవుతుంది.

అవమానం ఎంత మొండిదో మీకు చెప్పాలి. తలుపు అవతల మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఇవతల నా మనసు అప్పటికీ ఒక కథ వెతుకుతోంది. డాక్టరుకు చెప్పాను, ఆయనే వినిపించుకోలేదు అందామా అని. అంత చెడ్డవాణ్ణని అంతకు ముందు నాకు తెలియదు.

"సిస్టర్, నాకు అరబ్బీ రాదు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "డాక్టరు గారితో మాట్లాడావు కదా?"

"చదవడం వచ్చు. అర్థం రాదు. ఆయన అడిగింది నాకు తెలియలేదు. ఇతను దారిలో అంతా చెప్పాడు. నేను డాక్టరుకు చెప్పలేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టడానికి ఆమెకు సమయం లేదు. "ఏం చెప్పాడు? మాట మాట చెప్పు" అంది. చిన్నప్పటి సూది, దద్దుర్లు, గొంతు, ముందుగా చేతి మీద పొడిచి చూడటం అన్నీ చెప్పాను. చేతి మీద పొడవడం అనగానే ఆమె ఒక మందు పేరు తనలో తాను అనుకుని, మిగతాది వినకుండానే లోపలికి పరుగెత్తింది. మూసిన తలుపు వెనక డాక్టరు గొంతు పెద్దగా వినిపించింది. తర్వాత తెలిసింది, ఇంకో సూది సిద్ధం చేసి ఉంచారని, దాన్ని పక్కన పెట్టి వేరే మందు తెప్పించారని.

బాబాయ్ నా వైపు చూడలేదు. మూసిన తలుపు వైపే చూస్తూ అన్నాడు. "నాకు ఎప్పట్నుంచో అనుమానమేనయ్యా. కూరగాయల కొట్టులో నువ్వు హిందీ మాట్లాడటం ఒకసారి విన్నా. పోనీలే, కుర్రోళ్ళకి ధైర్యంగా ఉంటుంది గదా అని ఊరుకున్నా. ఇవాళ నీ భుజం మీద చెయ్యేసి పొగిడిందీ నేనే. నాకూ ఉంది ఇందులో."

"నీదేం లేదు బాబాయ్."

"నాదెంతో నేను చూసుకుంటా. నీది మాత్రం వాడికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

మధ్యాహ్నానికి గండం గడిచిందన్నారు. మమ్మల్ని లోపలికి రానిచ్చారు. తమ్ముడి ముఖం వాచి గుర్తుపట్టలేనట్టు ఉంది. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. గొంతు బొంగురుగా వచ్చింది.

"నువ్వు చెప్పావు గదా భాయ్. వాళ్ళే వినలేదు. నువ్వేం చేస్తావు."

ఆ మాట విన్నాక నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. అతని కాలి దగ్గర దుప్పటి సర్దాను. బాబాయ్ గదిలోంచి బయటికి వెళ్ళిపోయాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు, చివరి సీటులో కూర్చున్నాడు. క్యాంపుకు చేరాక నా ముందు అన్నం పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

కుర్రవాళ్ళు నన్ను అరబ్బీ ముక్కలు అడిగినప్పుడు నేను అన్నిటికంటే ముందు చెప్పేది "నాకు అరబ్బీ రాదు" అనే వాక్యం. చాలామంది నవ్వుతారు. ఆ వాక్యం నాకు అరబ్బీలో ఎలా అనాలో నేర్పింది ఆ నర్సే. పరాయి దేశంలో తెలియనివాళ్ళకు సాయం చేసేవాళ్ళు ఉంటారు. మాకు డాక్టరున్నాడు, నర్సుంది, రోగికి తన చేతులున్నాయి. తెలిసినట్టు మధ్యలో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. నేను లేకపోతే అతను ఆ రోజు క్షేమంగా తిరిగొచ్చేవాడు. ఇది వినయం కోసం అంటున్న మాట కాదు, ఎన్నిసార్లు ఆలోచించినా లెక్క అలాగే తేలుతోంది.

అతను కోలుకున్నాడు, కాంట్రాక్టు పూర్తి చేశాడు. ఇప్పుడు వినగడపలో ఉంటాడు. ఇది రాసే ముందు వెళ్ళి అడిగాను. "రాసుకో భాయ్, నా పేరొద్దు" అన్నాడు. తిరువూరు వచ్చినప్పుడు కనిపిస్తే పలకరిస్తాడు, టీ తాగుతాం. స్నేహం మాత్రం మునుపటిలా లేదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు.

ఆ శుక్రవారానికి మర్నాడు, ఆస్పత్రికి బాబాయ్ రానన్నాడు. ఒక్కణ్ణే వెళ్ళాను. ముఖం వాపు తగ్గి, తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. డాక్టరుకు ఏమీ చెప్పలేదని, అరబ్బీ రాదని, మొదటి రోజు నుంచీ రాదని.

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "మరి ఆ బోర్డులు?" అన్నాడు.

"అవీ అంతే."

తిడతాడని చూశాను. తిడితే బాగుండేది.

"నీకు రాకపోతే ఏముంది భాయ్, నాకూ రాదు" అన్నాడు. "నేను చెప్పుకుంటుంటే నా చెయ్యి నొక్కేశావు."

నేను స్టూలు మీంచి లేచాను. అతను తలుపు వైపు చూపించి, "ఆ సిస్టర్‌ని పిలువు. నువ్వు బయట ఉండు. ఈసారి నేనే చెప్పుకుంటా" అన్నాడు.

పిలిచాను. తలుపుకు సన్నటి అద్దం ఉంది, దాని ఇవతల నిలబడ్డాను. అతను వేలితో మోచేతి కింద పొడిచి చూపించాడు. దద్దుర్లు చూపించాడు, గొంతు చూపించాడు. అరచెయ్యి మంచం ఎత్తుకు దించి, చిన్నప్పుడు అది జరిగేనాటికి తానెంత ఉన్నాడో చూపించాడు. ఆమె ఒక్కోదానికి తల ఊపుతూ, సరిగ్గా అర్థమైందో లేదో అని అదే సైగ తానూ చేసి చూపించింది. అతను అవునన్నాడు. అంతా కలిపి ఎంతోసేపు పట్టలేదు.

తర్వాత అతను రెండు చేతులూ గాలిలో పెట్టి స్టీరింగు తిప్పాడు. నేనన్నమాట. ఆ చేతుల్లో ఒకదాన్ని రెండో దాని మీద పెట్టి, మంచానికేసి అదిమి, అలాగే కాసేపు ఉంచాడు.

నర్సు తల తిప్పి తలుపు వైపు చూసింది. నేను పక్కకు తప్పుకోలేదు.